సింగపూర్ వెళ్లొచ్చిన మరుగుదొడ్డి

చినకొమ్మెర ప్రాథమికోన్నత పాఠశాల మరుగుదొడ్డి ఆ ఆగస్టు నెలలో పదహారుసార్లు సింగపూర్ వెళ్లొచ్చింది. ఊళ్లో అంతవరకూ విమానం ఎక్కిన మనిషి లేడు. మొదట ఎక్కింది ప్రధానోపాధ్యాయురాలు బొడ్డపాటి హేమసుందరి గారు. ఆవిడ వెళ్లిందీ ఒక్కసారే, తిరిగొచ్చిందీ ఒక్కసారే. మరుగుదొడ్డి మాత్రం రోజుకు రెండుసార్లు చొప్పున ఎనిమిది రోజులు వెళ్లొచ్చింది. ఆ ప్రయాణాలకు రెండు లక్షల పదమూడు వేల నాలుగు వందల అరవై రూపాయలు అయిందని ఫోన్ కంపెనీవారు బిల్లు పంపేదాకా ఈ సంగతి ఎవరి దృష్టికీ రాలేదు.

ముందు ఆ మరుగుదొడ్డి గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. గోడలున్నాయి, పైన రేకుంది, కింద తెల్లటి పలకలున్నాయి. తలుపు లేదు. మూడేళ్ల కిందట గాలివానకు అది ఊడి పక్క చేలో పడింది. అక్కణ్ణించి ఎవరి కోళ్లగూటికి చేరిందో ఊరందరికీ తెలుసు గానీ ఎవరూ పైకి అనరు. నీళ్లు కూడా లేవు. ఆయా ఆదెమ్మ వీధి చివరి బోరింగు నుంచి రెండు బిందెలు మోసుకొస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

ఏడో తరగతి ఆడపిల్లలు అన్నం బెల్లుకి ఇళ్లకు పోయేవారు. సగం మంది మళ్లీ వచ్చేవారు కాదు. లెక్కల్లో బడి మొత్తానికీ మొదట నిలిచే మస్తాన్‌బీ అందులో ఒకతె. నెలలో నాలుగైదు రోజులు ఆ పిల్ల అసలు బడికే రాదు. ఎందుకు రాలేదని హేమసుందరి గారు ఒక్కసారి కూడా అడగలేదు. అడగడానికి ఆవిడకు మొహం చెల్లలేదు.

ఊరుకున్నారా అంటే ఊరుకోలేదు. తలుపు, కుళాయి, పైన ట్యాంకు, వీలైతే రెండు గదులు కావాలని పదకొండు అర్జీలు పెట్టారు. మొత్తం లక్షా ఎనభై వేలవుతుందని తాపీ మేస్త్రి చేత అంచనా రాయించి జతచేశారు. పదకొండింటికీ ఒకటే జవాబు వచ్చింది. "సదరు మరుగుదొడ్డికి యాప్‌నందు అయిదు నక్షత్రములు నమోదై యున్నందున, మరమ్మతు అవసరము లేదని భావించడమైనది."

ఆ యాప్ పేరు నిర్మల నేత్రం. ప్రతిరోజూ పొద్దున తొమ్మిదిన్నరకు, మధ్యాహ్నం రెండున్నరకు మరుగుదొడ్డి నాలుగు మూలలూ నాలుగు ఫొటోలు తీసి అందులో పెట్టాలి. బకెట్టు ఉన్నదా, మగ్గు ఉన్నదా, పలకలు మెరుస్తున్నవా అని అది అడుగుతుంది. తలుపు సంగతి అడగదు. తలుపు లేని మూలాన ఫొటోల్లో వెలుతురు బాగా పడి, పలకలు ఇంకా మెరిసేవి.

పొద్దున ఆదెమ్మ కడుగుతుంది, ఫొటో తీస్తారు. ఆ తర్వాత ఎవరైనా వాడితే రెండున్నర ఫొటోకి ఒక నక్షత్రం రాలుతుంది. అందుకని ద్వారానికి అడ్డంగా తాడు కట్టేవారు. రెండున్నర ఫొటో అయ్యాక తాడు విప్పొచ్చు గానీ, విప్పితే రేపు మళ్లీ రెండు బిందెలు ఎక్కువ మోయాలి కదా అని ఆదెమ్మ విప్పేది కాదు. ఈ పద్ధతి మీద ఆ మరుగుదొడ్డి నాలుగు వందల రోజుల పాటు ఒక్క మచ్చ లేకుండా, ఒక్క మనిషి అడుగుపెట్టకుండా నిలిచింది. రాష్ట్రంలో ఇంకే బడికీ ఈ ఘనత దక్కలేదు.

ఘనతకు బహుమానంగా శాఖవారు హేమసుందరి గారిని "పారిశుద్ధ్య బోధనలో అధునాతన పోకడలు" అనే ఎనిమిది రోజుల శిక్షణకు సింగపూర్ పంపాలని నిర్ణయించారు. ఆ ఉత్తర్వు తీసుకుని ఆవిడ మండల విద్యాధికారి త్రివిక్రమరావు గారి దగ్గరికి వెళ్లారు.

"అమ్మా, ఇది మన మండలానికే గర్వకారణం," అన్నారాయన కుర్చీలోంచి సగం లేచి. "కానీ ఒక్క పూట ఫొటో తప్పినా గర్వకారణం రద్దవుతుంది. మీకు తెలియంది కాదు."

"నేనక్కడుంటే ఇక్కడ ఫొటోలెట్లా అండీ? మా దావీదు మాస్టారికి లాగిన్ ఇప్పించండి."

"లాగిన్ మీ ముఖానికి ముడిపడి ఉందమ్మా. ముఖాన్ని బదలాయించే నిబంధన లేదు. మాస్టారు ఫొటోలు తీసి మీ ఫోనుకి పంపుతారు. మీరు అక్కడ యాప్ తెరిచి, రెండుసార్లు రెప్పలు కొట్టి, మన సర్వరుకి పంపుతారు. ఫొటో తీసేది ఎవరైనా కావచ్చు. రెప్పలు మాత్రం మీవే అయ్యుండాలి."

"అక్కడ వైఫై ఉంటుందటండీ..."

"బయటి వైఫైలో యాప్ తెరుచుకోదు. శాఖ ఇచ్చిన సిమ్ మీదనే తెరుచుకుంటుంది. భద్రతా కారణాలు."

"పోనీ, ఆ సిమ్‌కి విదేశీ ప్యాక్ వేయించండి. మూడు వేలట."

త్రివిక్రమరావు గారు జాలిగా నవ్వారు. "శాఖ సిమ్‌కి ప్యాక్ వేయాలంటే రాష్ట్ర నోడల్ అధికారి సంతకం కావాలి. ఆ కుర్చీ ఏడాదిగా ఖాళీ. ఒక అర్జీ పడేసి వెళ్లండి. మీరు తిరిగొచ్చేలోగా పరిశీలనలోకి వస్తుంది."

హేమసుందరి గారు అర్జీ పడేసి విమానం ఎక్కారు.

మన తొమ్మిదిన్నర సింగపూర్ వాళ్లకు మధ్యాహ్నం పన్నెండు. అక్కడ పాఠం మంచి పట్టులో ఉండగా ఆవిడ ఫోను మోగేది. దావీదు మాస్టారు నాలుగు మూలలూ పంపేవారు. చిన్నవి చేసి పంపితే యాప్ ఒప్పుకోదని, ఒక్కో ఫొటో పెద్ద సైజులో పంపేవారు. హేమసుందరి గారు తరగతి మధ్యలో ఫోను మొహానికి ఎదురుగా పెట్టుకుని రెప్పలు కొట్టేవారు. 'ముఖము స్పష్టముగా లేదు' అనేది యాప్. కళ్లజోడు తీసి మళ్లీ కొట్టేవారు. పాఠం చెప్పే పెద్దమనిషి మొదటిరోజు తనకే సైగ చేస్తున్నారనుకుని ఆగిపోయాడు. మూడోరోజుకి అలవాటుపడ్డాడు.

పక్కన కూర్చున్న సింగపూర్ టీచరమ్మ ఒకరోజు ఫొటోలకేసి వంగి చూసి, "ఈ తాడు దేనికి?" అని ఇంగ్లీషులో అడిగింది.

"శుభ్రత కోసం," అన్నారు హేమసుందరి గారు. ఆ టీచరమ్మ ఆ మాటను నోటు పుస్తకంలో రాసుకుంది.

ఆ సాయంత్రం శిక్షణ సంస్థలో ఆడవాళ్ల గదిలోకి వెళ్లి హేమసుందరి గారు తలుపు గడియ వేసుకున్నారు. పని అయిపోయినా రెండు నిమిషాలు అలాగే నిలబడ్డారు. ఎవరూ తొంగి చూడరు, ఎవరూ తోసుకుని రారు. కుళాయి తిప్పితే నీళ్లొస్తున్నాయి. ఇంత మామూలు విషయంలో ఇంత నిశ్చింత ఉంటుందని యాభై మూడేళ్లొచ్చినా తనకు తోచనందుకు సిగ్గేసింది. మస్తాన్‌బీ గుర్తొచ్చి కళ్లనీళ్లు తిరిగాయి. మొహం కడుక్కుని బయటికొచ్చేసరికి మన రెండున్నర గంటల ఫొటోలు వచ్చి ఉన్నాయి.

తిరిగొచ్చిన పన్నెండో రోజున బిల్లు వచ్చింది. అంకెలు కుడి నుంచి ఎడమకు రెండుసార్లు లెక్కపెట్టుకుని ఆవిడ స్టాఫ్‌రూములో కుర్చీలో కూలబడ్డారు. దావీదు మాస్టారు కాగితం అందుకుని చదివారు. ఆయన నెమ్మదైన మనిషి, గొంతు పెంచి ఎరగరు.

"మేడం, ఈ డబ్బుతో మనం అడిగిన దొడ్డి కట్టంగా ఇంకా ముప్పై మూడు వేలు మిగిలేది గదా," అన్నారు.

శాఖ సిమ్ నెలవారీ పరిమితి దాటితే వాడినవారి జీతంలోంచి కోస్తారు. నెలకు ఇరవై వేల చొప్పున కోత మొదలయింది. వాడింది నా కోసం కాదు, మరుగుదొడ్డి కోసం, దాని రాకపోకల ఖర్చు శాఖే భరించాలి అని హేమసుందరి గారు రాశారు. పదిహేను రోజులకు జవాబు వచ్చింది. "ప్రయాణ భత్యము ఉద్యోగికిని, ఉద్యోగి కుటుంబ సభ్యులకును మాత్రమే వర్తించును. సదరు మరుగుదొడ్డి తమ కుటుంబ సభ్యమని తగు ధ్రువపత్రము సమర్పించినచో విషయము పరిశీలించబడును."

ఆవిడ ఆ ఉత్తరం చదివి, మడిచి, పన్నెండో అర్జీ రాశారు. డబ్బు పోతే పోయింది, తలుపైనా పెట్టండి అని.

ఇంతలో రాజధానిలో వేరే కథ నడుస్తోంది. శాఖ సంయుక్త సంచాలకులు పురుషోత్తం గారు నెలనెలా గోడంత తెర ముందు సమీక్ష చేస్తారు. రాష్ట్ర పటం మీద మరుగుదొడ్లన్నీ ఆకుపచ్చ చుక్కలుగా మెరుస్తుంటాయి. ఆ నెల ఒక చుక్క పటంలో లేదు. వెతగ్గా వెతగ్గా బంగాళాఖాతం అవతల దొరికింది.

"ఏమిటది?" అన్నారు పురుషోత్తం గారు.

"మనదే సార్. చినకొమ్మెర. సింగపూర్‌లో ఉంది."

నిర్మల నేత్రం ఆరు నెలలకోసారి మాత్రమే మరుగుదొడ్డి ఎక్కడుందో సరిచూసుకుంటుంది. సరిచూసిన ఆ రోజున హేమసుందరి గారు సింగపూర్‌లో రెప్పలు కొడుతున్నారు. ఇక ఫిబ్రవరి దాకా దాని చిరునామా అదే. ఈ సంగతి గదిలో ఒకరిద్దరికి తెలుసు గానీ, పురుషోత్తం గారు అప్పటికే చప్పట్లు కొడుతున్నారు. మర్నాడు "ఎల్లలు దాటిన మన పారిశుద్ధ్యం" అని పత్రికా ప్రకటన కూడా వెళ్లింది.

ఆ ప్రకటన ఆడిట్‌వారు చదివారు. విదేశంలో కట్టడం ఎప్పుడు కట్టారు, స్థలం ఎవరిచ్చారు, కాపలా ఎవరు అని పదిహేడు ప్రశ్నలు పంపారు. పురుషోత్తం గారి చప్పట్లు ఆగిపోయాయి. హేమసుందరి గారిని వీడియోలోకి పిలిపించారు.

"మీ పాఠశాల మరుగుదొడ్డి ఎక్కడున్నది?"

"బడి వెనకాల సార్. వంటషెడ్డు పక్కన."

"డ్యాష్‌బోర్డు ప్రకారం సింగపూర్‌లో ఉన్నది."

"ఫోను నాతోపాటు అక్కడికి వచ్చింది సార్. దొడ్డి ఇక్కడే ఉంది. చూడండి." ఆవిడ ఫోను పట్టుకుని వెనక్కి నడిచి చూపించారు. రేకు, పలకలు, తాడు, తాడు పక్కన బిందెతో ఆదెమ్మ అన్నీ కనిపించాయి. ఆదెమ్మ తెరకేసి దండం పెట్టింది.

పురుషోత్తం గారు కాసేపు చూశారు. "మీరు చెప్పేది మౌఖికం. చూపేది దృశ్యం. డ్యాష్‌బోర్డు చెప్పేది ఆధారం. ఈ మూడింటిలో శాఖ దేన్ని నమ్మాలో మీరే చెప్పండి."

ఆ వారమే పన్నెండో అర్జీ కూడా తిరిగొచ్చింది. "విదేశములందలి కట్టడములకు తలుపులు మంజూరు చేయు అధికారము ఈ కార్యాలయమునకు లేదు" అని దాని మీద ఎర్రసిరాతో రాసి ఉంది.

ఆడిట్‌కి జవాబివ్వాలంటే స్థల పరిశీలన తప్పదు. చినకొమ్మెర జిల్లా కేంద్రానికి నలభై కిలోమీటర్లు, కారులో గంట. కానీ స్థలం అక్కడ లేదని రికార్డు చెబుతుండగా అక్కడికి వెళ్లడం పెట్రోలు దుర్వినియోగం అవుతుంది. అందుచేత పురుషోత్తం గారి నాయకత్వంలో అయిదుగురు అధికారుల సంఘం ఆరు రోజుల పర్యటనకు సింగపూర్ బయల్దేరింది. స్థానిక పరిజ్ఞానం ఉన్నవారు ఒకరుండాలని త్రివిక్రమరావు గారిని కూడా అయిదుగురిలో కలిపారు. ఆయన మూడేళ్లలో చినకొమ్మెర బడికి వచ్చింది లేదు.

అధికారులకు వేరే యాప్ ఉంది. గంటకోసారి తానున్న చోటును అర నిమిషం వీడియో తీసి పంపకపోతే ఆ రోజు సెలవు కింద పడుతుంది. అదీ శాఖ సిమ్ మీదనే. అయిదుగురూ మాల్స్‌లో, పడవల్లో, పూలతోటల్లో శ్రద్ధగా వీడియోలు తీసి పంపారు. ఒక్క గంట కూడా తప్పలేదు. తిరిగొచ్చి నివేదిక ఇచ్చారు. "సూచించిన స్థలమునందు సదరు మరుగుదొడ్డి కానరాలేదు. అయినను పరిసరములు మిక్కిలి పరిశుభ్రముగా ఉన్నందున, నిర్వహణ సంతృప్తికరమని భావించడమైనది."

నివేదిక వెళ్లిన మూడు వారాలకు బిల్లులు వచ్చాయి. అయిదుగురివీ కలిపి పదకొండు లక్షల పైచిలుకు.

మర్నాడు పొద్దున్నే త్రివిక్రమరావు గారి స్కూటరు చినకొమ్మెర బడి ముందు ఆగింది. మనిషి ఒక్క రాత్రిలో పీక్కుపోయారు. స్టాఫ్‌రూములో ఎవరూ లేకుండా చూసి హేమసుందరి గారి ముందు కూర్చున్నారు.

"అమ్మా, ఈ రోమింగు ఇంత అన్యాయమని నాకు తెలియదు," అన్నారు.

"అవునండీ," అన్నారావిడ.

"నా ఒక్కడికే రెండు లక్షల పైన. మా ఇంట్లో చెప్పలేదు. జీతంలో కోస్తారంటున్నారు. మనిషనేవాడు ఎట్లా బతకాలి?"

"నెలకు ఇరవై వేల చొప్పునే కోస్తారండీ," అని హేమసుందరి గారు ధైర్యం చెప్పారు.

ఉపాధ్యాయుల జీతంలో కోయడం వేరు, ఉన్నతాధికారుల జీతంలో కోయడం వేరు. రాజధానిలో పద్దుల పుస్తకాలన్నీ తిరగేశారు. విద్య, క్రీడలు, చిక్కీ, గ్రంథాలయాలు, దేంట్లోనూ ఫోను బిల్లు ఇమడలేదు. చివరికి ఒక ముసలి గుమాస్తా ఒక పద్దు పట్టుకున్నాడు. నూతన మరుగుదొడ్ల నిర్మాణం, అనుబంధ ఖర్చులు. అనుబంధ ఖర్చులకు పరిమితి లేదు. ఉన్నదల్లా ఒకే షరతు. అసలు నిర్మాణం నిజంగా జరిగి ఉండాలి, పూర్తయిందని ఆ బడి ప్రధానోపాధ్యాయులు సంతకం పెట్టాలి.

ఆ సాయంత్రం పురుషోత్తం గారే ఫోన్ చేశారు. "అమ్మా, మీ మరుగుదొడ్డి విషయంలో శాఖ ఎంతో కాలంగా ఆవేదన చెందుతోంది. అనుబంధ ఖర్చులతో సహా కొత్తది మంజూరు చేస్తున్నాం. ఎన్నాళ్లలో కట్టించగలరు?"

పన్నెండు అర్జీలు కదిలించలేని శాఖను ఫోను బిల్లు కదిలించిందని హేమసుందరి గారికి అర్థమవడానికి క్షణం పట్టింది. "రెండు గదులండీ. ట్యాంకు, మోటారు, కుళాయిలు, తలుపులు. నా రెండు లక్షల పదమూడు వేలు కూడా అనుబంధంలో కలపాలండీ."

"తప్పకుండా. అది మీ హక్కు."

"ఒక్క సందేహం సార్. రికార్డు ప్రకారం దొడ్డి సింగపూర్‌లో ఉంది. ఎక్కడ కట్టించమంటారు?"

"ఆ ఒక్క విషయం," అన్నారు పురుషోత్తం గారు, "మౌఖికంగా సర్దుకుందాం."

ఇరవై రెండు రోజుల్లో రెండు గదులు లేచాయి. నీళ్లొచ్చాయి. తలుపులు వచ్చిన రోజున త్రివిక్రమరావు గారు నిర్మాణం పూర్తయినట్టు రాసిన పత్రం, పెన్నుతో సహా పట్టుకొచ్చారు. హేమసుందరి గారు లోపలికి వెళ్లి, తలుపు దగ్గరికి వేసి, మళ్లీ తీసుకుని బయటికొచ్చారు.

"లోపల గడియ లేదండీ."

"గడియ అంచనాలో లేదమ్మా. బయట గొళ్లెం ఉందిగా? తాళం వేసుకోవచ్చు."

"తాళం వేసుకోడానికి కాదండీ ఇది. గడియ లేనిదే పూర్తయినట్టు కాదు. నేను సంతకం పెట్టను."

"ఎనభై రూపాయల గడియ కోసం పదిహేను లక్షలు ఆపుతారా?"

"ఆపుతానండీ," అన్నారు హేమసుందరి గారు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆవిడ అధికారితో అలా అనడం అదే మొదలు. పెన్ను ముట్టుకోలేదు. చీకటి పడేలోగా పురుషోత్తం గారి సొంత కారులో నాలుగు ఇత్తడి గడియలు వచ్చాయి, పాడయితే ఉంటాయని రెండు ఎక్కువ.

ప్రారంభోత్సవం నాడు పురుషోత్తం గారు రిబ్బను కత్తిరించి, పారిశుద్ధ్యం గురించి అరగంట మాట్లాడారు. గోడకు నల్లరాతి ఫలకం పెట్టారు. పదిహేను లక్షల వ్యయంతో నిర్మించడమైనది అని దాని మీద చెక్కి ఉంది. దావీదు మాస్టారు పైకి చదివితే ఆదెమ్మ నోరు నొక్కుకుంది.

"పదిహేను లచ్చలా! లోపల బంగారం ఏమన్నా పెట్టారా ఏందయ్యా?"

"లోపల కాదులే ఆదెమ్మా," అన్నారు మాస్టారు.

కార్లు వెళ్లిపోయాయి. రెండున్నర కావస్తోంది. ఆదెమ్మ అలవాటు కొద్దీ పాత తాడు పట్టుకుని కొత్త గదుల దగ్గరికి వచ్చింది. హేమసుందరి గారు చెయ్యి చాపి తాడు తీసుకున్నారు, చూశారు, మళ్లీ ఆవిడ చేతిలోనే పెట్టారు.

"మీ మేకకి కట్టుకో ఆదెమ్మా. దీంతో ఇంక పనిలేదు."

అంతలో మస్తాన్‌బీ వచ్చింది. అన్నం బెల్లుకి ఇంటికి పోలేదు ఆ రోజు. టీచరమ్మ మొహంలోకి ఒకసారి చూసి, పోవచ్చా అని కళ్లతోనే అడిగి, మొదటి గదిలోకి వెళ్లింది. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది. ఒకసారి పడింది, తీసింది, మళ్లీ పడింది. ఆ తర్వాత కుళాయి నీళ్ల చప్పుడు.

ఫోను మోగింది. ఫొటో వేళ అయిందని నిర్మల నేత్రం. అయిదు వందల పన్నెండు రోజుల అలవాటు ఎక్కడికి పోతుంది? ఆవిడ మూసిన తలుపునే ఫొటో తీసి, రెప్పలు కొట్టి పంపారు. 'తలుపు అడ్డముగా ఉన్నది. లోపలి భాగము కనబడుటలేదు. తిరస్కరించడమైనది' అంది యాప్. ఒక నక్షత్రం రాలింది. ఆవిడ చూస్తుండగానే ఇంకొకటి రాలింది.

మూడోది రాలేసరికి త్రివిక్రమరావు గారి ఫోను వచ్చింది. దారిలోంచే చేస్తున్నట్టున్నారు, వెనకాల లారీల హారన్లు.

"అమ్మా! నక్షత్రాలు పోతున్నాయి! కొంప మునిగేట్టుంది, వెంటనే తలుపు తీయించండి!"

"లోపల మనిషి ఉందండీ."

"అయితే ఎప్పుడు ఖాళీ అవుతుంది?"

హేమసుందరి గారు తల తిప్పి చూశారు. గది ముందు ఏడో తరగతి ఆడపిల్లలు ఆరుగురు వరసకట్టి నిలబడ్డారు. అన్నం తిని బడిలోనే ఉండిపోయినవాళ్లు. వెనకాల ఆరో తరగతివాళ్లు కూడా వస్తున్నారు.

"ఇంక ఖాళీ ఉండదండీ," అని ఆవిడ ఫోను ఆపేశారు.